జారిన పొరల జాడ

సూది మొన విరిగింది.

కింద ఉన్న పొర మాత్రం విరగలేదు. చిరగలేదు.

న్యూయార్క్. కొలంబియా యూనివర్సిటీ మెకానికల్ ఇంజనీరింగ్ విభాగం. ఆ ప్రాంగణాన్ని ఒరుసుకుంటూ బ్రాడ్‌వే రోడ్డు. రోడ్డు కింద సొరంగంలో సబ్‌వే రైళ్లు. రైలు పోయినప్పుడల్లా నేలలో సన్నటి అదురు. మనుషులకు తెలీదు. ల్యాబులో ఉన్న యంత్రానికి తెలిసిపోతుంది. దాని పేరు అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు. పేరుకే మైక్రోస్కోపు. అది చూడదు, తడుముతుంది. సన్నటి రేకు, ఆ రేకు చివర కంటికి ఆనని మొన. మొన కిందికి దిగుతుంది. ఎదురైనదాన్ని నొక్కుతుంది. అది ఎంత బలంగా వెనక్కి నెడుతోందో లెక్క చెబుతుంది.

ప్రొఫెసర్లు జేమ్స్ హోన్, జెఫ్రీ కైజర్. వాళ్లతో పాటు చాంగూ లీ, షియావోడింగ్ వెయ్. ఆ జట్టు నొక్కుతున్నది ఉక్కుని కాదు. గ్రాఫైట్‌ని. బడిపిల్లల పెన్సిల్ ముల్లులో ఉండేదాన్ని. గీత గీస్తే చాలు, కాగితానికి అంటుకుని రాలిపోయే మెత్తటి సరుకుని. అందులోంచి ఊడదీసిన ఒకే ఒక్క పొర. మందం ఒక్క అణువు. పేరు గ్రాఫీన్.

అదెలా సిలికాన్ మొనని విరిచింది?

మొన మార్చారు. ఈసారి వజ్రం.

వేదిక ముందే సిద్ధంగా ఉంది. సిలికాన్ పలక మీద వరసలు వరసలుగా గుండ్రటి గుంటలు. కొన్ని ఒక మైక్రాన్ వెడల్పు, కొన్ని ఒకటిన్నర. లోతు అర మైక్రాన్. మిల్లీమీటరుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మైక్రాన్. గ్రాఫైట్ నుంచి ఊడదీసిన రేకుల్ని ఆ గుంటల మీద పరిచారు. చాలావరకు రెండు మూడు పొరలవి, ఇంకా మందమైనవి. ఒంటి పొర ఏదో లేజర్ కాంతితో తేల్చుకున్నారు. అడుగున ఏ ఆధారమూ లేకుండా, గుంట మూతికి బిగిసిన ఒంటి పొర.

వజ్రపు మొన దిగింది. పొర నడిమధ్యన తాకింది. తాకిన చోట పొర కొద్దికొద్దిగా లోపలికి కుంగింది, అంచుల్లో మాత్రం గుంట గోడల్ని కరుచుకుని ఇసుమంతైనా కదల్లేదు, తెర మీద గీత మొదట మెల్లగా పాకి ఆ తర్వాత నిటారుగా లేచింది, మొనని వెనక్కి లాగితే వచ్చిన దారినే తిరిగి దిగింది, మళ్లీ నొక్కితే మళ్లీ అదే దారి పట్టింది. అలసట లేదు. సాగిపోవడం లేదు. ఇంకా నొక్కారు. పొర వంద నానోమీటర్ల కన్నా లోతుకి కుంగింది. నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు. తన మందానికి మూడు వందల రెట్లు లోపలికి వంగి కూడా పొర పట్టు వదల్లేదు.

ఆ తర్వాత గీత ఒక్కసారిగా పడిపోయింది.

అదే మొనతో మళ్లీ తడిమి చూశారు. గుంట మీద పొర నడుమ చిల్లు. చిల్లు పడటానికి పట్టిన బలం మొన లావుని బట్టి 1.8 నుంచి 2.9 మైక్రో న్యూటన్లు. లెక్క కట్టారు. సాగదీస్తే ఎదురు తిరిగే బిరుసు ఒక టెరాపాస్కల్, అంటే వెయ్యి గిగాపాస్కల్స్. ఉక్కుది సుమారు రెండు వందలు. తెగే ముందు తట్టుకున్న ఒత్తిడి 130 గిగాపాస్కల్స్. అప్పటిదాకా కొలిచిన ఏ పదార్థానికీ అంత బలం లేదు. 2008 జులై 18. నడి వేసవిలో ఆ లెక్క సైన్స్ పత్రికలో అచ్చయింది.

ఒక పొర సంగతి తేలింది. మరి రెండు పొరలుంటే?

*

ఈ ప్రశ్న కొత్తది కాదు. యాభై ఏళ్ల కిందట ఒకాయన చేతిలోకి ఇది పుల్లలుగా వచ్చిపడింది.

1958. ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ శివారు, పార్మా. ఆ ల్యాబ్ యూనియన్ కార్బైడ్‌ది. తర్వాత 1984లో భోపాల్‌ని శ్మశానం చేసిన పేరే అది. రోజర్ బేకన్ అనే యువ భౌతికశాస్త్రవేత్త అక్కడ కార్బన్ కడ్డీల మధ్య విద్యుత్తు మండించి, గ్రాఫైట్ ఏ వేడిలో, ఏ ఒత్తిడిలో కరుగుతుందో కొలుస్తున్నాడు. దాదాపు వంద వాతావరణాల ఒత్తిడి. కళ్లు చెదిరే వెలుగు. పీడనం కాస్త తగ్గించినప్పుడు కింది కడ్డీ మీద నల్లటి దిమ్మ ఒకటి మొలిచి పెరుగుతోంది. చల్లారాక పగలగొట్టాడు.

లోపల పుల్లలు. నల్లటి సన్నటి పోగులు. తలవెంట్రుకలో పదో వంతు లావు. కొన్ని అంగుళం పొడవు.

వంచాడు. విరగలేదు. మెలిపెట్టాడు. విరగలేదు.

పరీక్ష చేసి చూస్తే బిరుసు ఏడు వందల గిగాపాస్కల్స్. అచ్చమైన గ్రాఫైటే. పెన్సిల్ ముల్లులో ఉన్నదే. కొత్త పదార్థమేదీ కలవలేదు. మారింది అమరిక ఒక్కటే. ఆ పోగులో గ్రాఫైట్ పొరలు పొడుగు వెంట సాగి, చాపలా చుట్టుకుని ఉన్నాయి. పోగుని లాగితే పొరల్ని వాటి బిరుసు దిక్కుకే లాగినట్టు. పొర మీంచి పొర జారే సందే లేదు.

ఆ పొరలు ఎంత సులువుగా జారతాయో 1970లో అదే కంపెనీ పరిశోధకులు కొలిచి చూపించారు. గ్రాఫైట్‌ని పొర వెంబడి లాగితే బిరుసు 1,060 గిగాపాస్కల్స్. పొరల మీద నిలువుగా నొక్కితే 36.5. ఒక పొరని ఇంకో పొర మీంచి పక్కకి తోస్తే? ఒకటికి కూడా తక్కువ. ఒకే ముక్క, ఒకే అణువులు. దిక్కు మారితే బిరుసు వెయ్యి రెట్లు తగ్గిపోతోంది. పొర లోపల అణువుకీ అణువుకీ మధ్య 0.142 నానోమీటర్లు. పొరకీ పొరకీ మధ్య 0.335. లోపల పట్టు గట్టిది, బయట పట్టు వదులు. పెన్సిల్ రాయగలగడానికి కారణం ఆ వదులే. ఇంకో సంగతి కూడా బయటపడింది. అదే గ్రాఫైట్ మీదికి న్యూట్రాన్లు వదిలి, పొరల మధ్య అణువుల్ని చెదరగొట్టి జారుడుకి అడ్డుపెడితే, ఆ అతి తక్కువ బిరుసు పదింతలకు పైగా పెరిగింది.

అంటే జారనివ్వడమా, జారకుండా ఆపడమా అన్నదే అసలు కీలకం. కానీ జారుతుండగా కళ్లారా చూసినవాళ్లు ఎవరూ లేరు. అంతకన్నా ముందు ఒంటి పొర మీదే అనుమానాలు లేచాయి.

*

2011. న్యూయార్క్ రాష్ట్రంలోనే ఇథాకా. కొండ మీద కార్నెల్ యూనివర్సిటీ.

పిన్షేన్ హువాంగ్ అప్పటికి పరిశోధక విద్యార్థిని. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ముందు కూర్చుంది. ఆమె చూస్తున్నది గ్రాఫైట్ నుంచి అంటుకునే టేపుతో ఊడదీసిన గ్రాఫీన్ కాదు. రాగి రేకు మీద ఆవిరి నుంచి పెంచింది. పెద్ద పెద్ద తానులుగా తీయడానికి అదొక దారి. తెర మీద రంగులు విచ్చుకున్నాయి. ఒక్కో రంగు ఒక్కో దిక్కుకి తిరిగిన స్ఫటికం. రకరకాల గుడ్డపీలికలు కుట్టిన అతుకుల బొంతలా ఉంది. నేచర్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసానికి ఆ బొంత పేరే పెట్టారు. రచయితల్లో మూడో పేరు ఆరెండ్ వాన్ డెర్ జాండ్. ఈ రెండు పేర్లు గుర్తుంచుకోవాలి.

మొనతో నొక్కి చూశారు. అతుకుల దగ్గర పొర పుటుక్కున చిరిగింది.

కొలంబియా వాళ్ల మహా బలం ఏమైనట్టు? టేపుతో తీసిన చిన్న ముక్కకే ఆ గొప్ప దక్కుతుందా? పెద్ద తాను తీస్తే అతుకుల దగ్గర పిగిలిపోవడమేనా? అలా అయితే గ్రాఫీన్‌తో ఏదో కట్టాలన్న కల అక్కడితో ఆగిపోయినట్టే.

రెండేళ్లు గడిచాయి. 2013 మే 31. మళ్లీ కొలంబియా, మళ్లీ హోన్, కైజర్. ఈసారి వ్యాసంలో మొదటి పేరు గ్వాన్ హ్యుంగ్ లీ. వాళ్లకి అనుమానం వచ్చింది పొర మీద కాదు, దాన్ని ఊడదీసే తీరు మీద. పొరని అడుగు రాగి నుంచి విడిపించడానికి అందరూ వాడుతున్నది ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం. ఆ తర్వాత పైన అంటిన ప్లాస్టిక్‌ని పోగొట్టడానికి గాలిలో వేడి చేస్తున్నారు. నష్టం చేస్తున్నది ఆ రెండూ అయితే? ద్రావణం మార్చారు. వేడి చేయడం మానేశారు. మళ్లీ వజ్రపు మొన దించారు.

అతుకులున్న పొర, అతుకుల్లేని పొరతో దాదాపు సమానంగా నిలబడింది.

ఊపిరి పీల్చుకునే లోపే ఇంకో దెబ్బ. 2015. టెనెసీ రాష్ట్రం నాష్‌విల్. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో కిరిల్ బొలొటిన్ జట్టు. రయన్ నికల్ మొదటి రచయిత. వాళ్లు మొనతో పొడవలేదు. వేలాడుతున్న గ్రాఫీన్‌ని విద్యుత్ బలంతో కిందికి లాగి, అది ఎంత ఉబ్బిందో కాంతితో కొలిచారు. మందం లెక్క పక్కన పెడితే, గ్రాఫీన్ బిరుసు మీటరుకి 340 న్యూటన్లని కొలంబియా లెక్క. వీళ్లకి వచ్చింది ఇరవై నుంచి వంద.

లెక్క తప్పలేదు. పరికరమూ తప్పలేదు. పొర చదునుగా లేదు, అంతే. కంటికి కనిపించని ముడతలు. మెల్లగా లాగితే ముందు సాగేది ముడతే, కార్బన్ బంధం కాదు. రుజువు చేయడానికి పొరని సన్నటి పట్టీలుగా కోశారు. పట్టీలో ముడత నిలవదు. బిరుసు మళ్లీ మూడు వందలు దాటింది.

అదే ఏడాది కార్నెల్‌లో పాల్ మెకుయెన్ జట్టు సరిగ్గా తిరగేసిన సంగతి పట్టుకుంది. మెలీనా బ్లీస్, ఆమె సహచరులు నీళ్లలో గ్రాఫీన్‌ని కాగితంలా కత్తిరించి, చివర బంగారు రేకు అంటించి, వెలుగు తోపుతో వంచారు. వంగనంటోంది. ఒంటి పొర వంపుకి సిద్ధాంతం చెప్పిన బిరుసు కన్నా వేల రెట్లు ఎక్కువ. కారణం మళ్లీ ముడతలే. ముడతపడిన పొర సాగదీస్తే మెత్తన, వంచితే బిరుసు.

ఇదంతా ఒంటి పొర గొడవ. రెండు మూడు పొరల దగ్గరికి వచ్చేసరికి లెక్కలు పూర్తిగా చెల్లాచెదురైపోయాయి.

*

ఇలినాయ్. ఎటు చూసినా చదునైన మొక్కజొన్న చేలు. ఆ చేల నడుమ అర్బానా, షాంపేన్ జంట ఊళ్లు. శీతాకాలం వస్తే గాలికి అడ్డు నిలిచే గుట్ట ఒక్కటి లేదు. అక్కడి యూనివర్సిటీకి కార్నెల్ పాత జంట చేరింది. హువాంగ్ అప్పటికి ప్రొఫెసర్. వాన్ డెర్ జాండ్ కూడా. ఆమె చేతిలో అణువుని చూసే మైక్రోస్కోపు. ఆయన చేతిలో పొర మీద పొర పేర్చే విద్య.

వాళ్ల ముందున్న చిక్కు విచిత్రమైనది.

ఇంజనీరింగ్ మొదటి ఏడు చదివే కుర్రాడికి కూడా తెలిసిన సూత్రం ఒకటుంది. పలక మందం రెట్టింపైతే దాన్ని వంచడం ఎనిమిది రెట్లు కష్టం. మూడింతలైతే ఇరవై ఏడు రెట్లు. వంచినప్పుడు పై ముఖం సాగాలి, కింది ముఖం నలగాలి. మందం పెరిగేకొద్దీ ఆ సాగుడుకీ నలుగుడుకీ ఎదురు తిరిగే బిరుసు మందం ఘనంలో పెరుగుతుంది. మన ఇంటి స్లాబు, వంతెన దూలం, విమానం రెక్క అన్నీ ఈ లెక్క మీదే నిలబడ్డాయి. రెండు పొరల గ్రాఫీన్‌కి ఇది వర్తిస్తుందా? ఒక ల్యాబ్ కొలిచి అవునంది. ఇంకో ల్యాబ్ కొలిచి, అబ్బే, దూది అంత మెత్తన అంది. ఒకరి సంఖ్యకీ ఇంకొకరి సంఖ్యకీ వంద రెట్ల తేడా. పదార్థం ఒకటే, పొరల సంఖ్య ఒకటే, కొలిచినవాళ్లందరూ చేయి తిరిగినవాళ్లే.

ఎవరు తప్పు?

ఆ ముడి విప్పే పని ఇద్దరు పరిశోధక విద్యార్థుల మీద పడింది. జేహ్యుంగ్ యు. ఎడ్మండ్ హాన్. ఒకరు కట్టాలి, ఒకరు కోయాలి.

కట్టడానికి మెట్లు కావాలి. మామూలు మెట్లు కాదు, ఒక్కో మెట్టు కొద్దిపాటి అణువుల ఎత్తే ఉండాలి. అందుకు కావలసిన రాయి జపాన్‌లోని త్సుకుబా నుంచి వచ్చింది. కెంజి వతనాబే, తకాషి తనిగుచి విపరీతమైన ఒత్తిడిలో పెంచే బోరాన్ నైట్రైడ్ స్ఫటికాలు ప్రపంచంలో ఈ రంగంలో ఉన్న ఎన్నో ల్యాబులకి ప్రాణం. అదీ గ్రాఫైట్ లాగే పొరలు పొరలుగా ఊడుతుంది. ఊడినచోట అంచు అతి పదునైన మెట్టులా నిలుస్తుంది. యు ఆ మెట్ల మీద గ్రాఫీన్‌ని పరిచాడు. ఒకచోట ఒంటి పొర, ఇంకోచోట రెండు, మరోచోట మూడు, ఇంకా ఎక్కువ. పొర మెట్టు అంచున వంగి, కింద నేలకి దిగింది.

అక్కడ రెండు బలాల కుస్తీ. కింది నేల పొరని తనకేసి లాక్కుంటుంది. పొర బిరుసు, వంగనని మొండికేస్తుంది. బిరుసు ఎక్కువైతే మెట్టు నుంచి దూరంగా, వాలుగా దిగుతుంది. మెత్తనిదైతే మెట్టుని ఒరుసుకుంటూ నిటారుగా దిగుతుంది. ఆ వంపు ఆకారాన్ని చదివితే చాలు, బిరుసు ఎంతో బయటపడుతుంది. మొనతో పొడవక్కర్లేదు. గాలి ఊదక్కర్లేదు. చూడాలి, అంతే.

చూడటమే అసలు కష్టం.

వంపు మొత్తం కొన్ని నానోమీటర్లలో ఉంది. పైనుంచి చూస్తే కనపడదు. పక్క నుంచి చూడాలి. పక్క నుంచి చూడాలంటే నిలువునా కోయాలి. కోసేటప్పుడు ఒక్క పొర కదిలినా చూసేది వంపు కాదు, కత్తి చేసిన గాయం. హాన్ అయాన్ల కిరణంతో కోశాడు. ఎలక్ట్రాన్లు అటునుంచి ఇటు దూసుకుపోగలిగేంత సన్నటి ముక్క. దాన్ని ఎత్తి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టాడు.

ఆ మైక్రోస్కోపు గది తీరే వేరు. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. తలుపు దబ్బున వేయకూడదు. పక్క గదిలో గట్టిగా నడిచినా తెర మీద అణువులు వణుకుతాయి. ఎలక్ట్రాన్ కిరణం ఎక్కువసేపు తగిలితే కార్బన్ అణువులు చెదిరిపోయే ప్రమాదం ఇంకొకటి. కిరణం వరస వెంట వరస తడుముతూ కదిలింది, తెర మీద బోరాన్ నైట్రైడ్ పొరలు గీతలు గీతలుగా పైకి లేచాయి, ఒకచోట ఆ గీతల్లో కొన్ని ఠక్కున ఆగిపోయాయి, అదే మెట్టు, ఆ మెట్టు మీదుగా మూడు గీతలు పక్కపక్కనే వచ్చి, అంచు దగ్గర కలిసి వంగి, కలిసి కిందికి దిగి, మళ్లీ చదునుగా పరుచుకున్నాయి.

మూడు పొరల గ్రాఫీన్. పక్క నుంచి. వంగుతూ.

ఒక మెట్టు సరిపోదు. ఎత్తు మెట్టు దగ్గర వంపు కోణం ఎక్కువ, పొట్టి మెట్టు దగ్గర తక్కువ. కోణం వెంట కోణం, పొర వెంట పొర కొలుచుకుంటూ పోయారు. ఒంటి పొర బుద్ధిగా ఉంది. ఏ కోణంలో చూసినా బిరుసు ఒకటే. రెండు పొరల దగ్గర అంకెలు తడబడ్డాయి. మూడు పొరల దగ్గర పూర్తిగా తిరగబడ్డాయి. కొద్దిగా వంగినచోట బిరుసు ఎక్కువ. బాగా వంగినచోట తక్కువ. అదే ముక్క. అవే మూడు పొరలు. కోణాన్ని బట్టి దాదాపు 400 శాతం తేడా.

ఎక్కువ వంచితే మెత్తబడే పలక ఏ ఇంజనీరింగ్ పుస్తకంలో ఉంది?

*

సమాధానం కోసం అదే యూనివర్సిటీలోని ఎలిఫ్ ఎర్టెకిన్ బృందం కంప్యూటర్ ముందు కూర్చుంది. విద్యార్థి ఎమిల్ ఆనెవెలింక్ అణువు అణువునీ పేర్చి, పొరల్ని లెక్కలోనే వంచుతూ పోయాడు.

రెండు పొరలు కలిసి వంగుతున్నాయనుకోండి. బయటి వంపు దారి పొడుగు, లోపలి వంపు దారి పొట్టి. ఒక కార్బన్ పొర పొడుగు మారదు. అది టెరాపాస్కల్ సరుకు, సాగమంటే సాగదు. మరి తేడా ఎక్కడికి పోవాలి? ఒక పొర ఇంకో పొర మీంచి పక్కకి తప్పుకోవాలి. కొద్దిపాటి వంపులో ఆ తప్పుకోవడం అతి స్వల్పం. పై పొర అణువులు కింది పొర అణువుల మధ్య తమ చోట్లలో కుదురుకునే ఉంటాయి. వదలవు. పొరలు కట్టగట్టినట్టే వంగుతాయి. వంపు పెరిగితే తేడా పెరుగుతుంది. కోణం 24 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా 0.14 నానోమీటర్లు. రెండు కార్బన్ అణువుల మధ్య దూరం అంత. పై పొర అణువుకి తన పాత చోటు దూరమైపోయింది. కొత్త చోటు ఇంకా కుదరలేదు. వంపు పొడవునా వరస తప్పింది.

పట్టు జారింది. పొరలు విడివిడిగా వంగాయి.

ఇక ఘనం లేదు, ఎనిమిది రెట్లు లేవు, ఇరవై ఏడూ లేవు. రెండు పొరలుంటే ఒంటి పొర బిరుసుకి రెండింతలు, మూడుంటే మూడింతలు. విడివిడి బిరుసుల కూడిక. యు దీన్ని రెండు ముక్కల్లో చెప్పాడు. కొద్దిగా వంచితే చెక్క పలక. బాగా వంచితే కాగితాల దొంతర.

ఇప్పుడు పాత వ్యాసాలు మళ్లీ తిరగేశారు. బిరుసు ఎక్కువని చెప్పినవాళ్లు పొరని ఎంత వంచారు? కొద్దిగా. మెత్తన అన్నవాళ్లు? బాగా.

వంద రెట్ల తేడా వచ్చిన లెక్కల్లో తప్పు లెక్క ఒక్కటీ లేదు. ఏళ్ల తరబడి ఒకరినొకరు కాదనుకున్న ల్యాబులన్నీ నిజమే చెప్పాయి. ఒక్కొక్కరూ ఒకే వస్తువుకి ఒక్కో కోణం కొలిచారు. పరిశోధనలో ఇంత హాయైన ముగింపు అరుదుగా దొరుకుతుంది. తప్పు చేసినవాళ్ల కోసం వెతికితే ఎవరూ దొరకలేదు.

2019 నవంబర్. చేలలో మొక్కజొన్న కోత ముగిసే రోజులు. వ్యాసం నేచర్ మెటీరియల్స్‌లో వచ్చింది. హువాంగ్, వాన్ డెర్ జాండ్ చూపు అప్పటికే ఇంకో వైపుంది. జీవకణం అటూ ఇటూ వంగుతుంది, ఆకారం మార్చుకుంటుంది. దాని పక్కన పెట్టే ఎలక్ట్రానిక్ పరికరం బిర్రబిగుసుకుని ఉంటే కణానికి గుచ్చుకుంటుంది. కణమంత మెత్తగా వంగే సర్క్యూటు కావాలి. ఒంటి పొర అయితే వంగుతుంది కానీ ఒంటి పొరతో పరికరం నిలబడదు. చాలా పొరలు కావాలి. చాలా పొరలు కలిపితే బిరుసెక్కుతుంది. బాగా వంచితే మెత్తబడుతుంది, నిజమే. కానీ కొద్దిగా వంచినప్పుడూ మెత్తగా ఉండాలంటే?

పొరలు మొదటి నుంచీ ఒకదానికొకటి కుదురుకోకూడదు.

మళ్లీ అదే ఇద్దరు. అదే కట్టడం, అదే కోత. ఈసారి గ్రాఫీన్ మీద గ్రాఫీన్‌ని వరస తప్పించి, మెలితిప్పి పెట్టారు. గ్రాఫీన్ మీద మాలిబ్డినం డైసల్ఫైడ్ పొర పెట్టారు. రెండిట్లో అణువుల ఎడం వేరు. ఒకదాని చోట్లు ఇంకోదానికి సరిపోవు. పట్టు దొరకదు. ఎక్కడ ఏ పొర పెట్టాలో, ఏ సందులో వరస తప్పించాలో ముందే లెక్క వేసుకుని దొంతర పేర్చడం మొదలుపెట్టారు. బిరుసు ఎంత కావాలంటే అంతకి, కొన్ని వందల శాతం అటూ ఇటూ తిప్పగలిగారు. 2021లో అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్‌లో ఆ లెక్కలు వచ్చాయి. ప్రతి పొరకీ పక్కన తనతో పొసగని పొరనే పెడితే, మొత్తం దొంతర బిరుసు ఇక తగ్గడానికి వీల్లేనంత కిందికి దిగింది. విడివిడి పొరల కూడిక, అంతకు ఒక్క పిసరు ఎక్కువ కాదు. కొద్దిగా వంచినా అంతే. బాగా వంచినా అంతే.